అయిదు చొక్కాలు, మూడు ప్యాంట్లు

జూన్ 3, సోమవారం

పాత కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. మేనేజరమ్మట. నేను రిటైరయ్యాక వచ్చినావిడ. లిఫ్టు ఆగిపోతే జనం ఫోన్ చేస్తారు కదా, ఆఫీసులో ఆ ఫోన్ దగ్గర కూర్చోవాలట. ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడాలి. ఏం పాడైందో కనిపెట్టి, వెళ్ళే మెకానిక్కుకి చెప్పాలి.

"మీరు ఫోన్లో చప్పుడు విని చెప్పేస్తారటగా" అంది.

పొడుగోడు చెప్పుంటాడు. పదిహేనేళ్ళు నా కింద హెల్పరు. ఇప్పుడు వాడే పెద్ద మెకానిక్కు. వాడి నోరు ఆగదు.

ఆలోచించి చెబుతానందామనుకున్నాను. "ఆఁ" అని మాత్రం వచ్చింది. ఆవిడ సరే అన్నాననుకుంది.

నాకు అక్కర్లేదు. రిటైరై పధ్నాలుగు నెలలు. హాయిగా ఉంది. పొద్దున వాకింగ్, సాయంత్రం వాకింగ్.

వాకింగ్ అంటే బట్టల షాపుల బిల్డింగు దాకా. అక్కడ లిఫ్టుంది. ఆరు అంతస్తులు. ఎక్కుతాను, దిగుతాను, ఇంటికొస్తాను. నాలుగో అంతస్తులో తలుపు గీసుకుంటోంది. ఎవరికీ పట్టదు.

జూన్ 4, మంగళవారం

మా ఆవిడకి చెప్పలేదు. ఆవిడకి ముందే తెలుసు. పొడుగోడు.

జూన్ 6, గురువారం

కాగితం వచ్చింది. పదిహేడో తారీఖున చేరాలి. రెండు వారాలు చూస్తారు. నచ్చితే ఉంచుతారు. కింద ఒక లైను. దుస్తులు: బిజినెస్ క్యాజువల్.

ఆవిడ రెండుసార్లు చదివింది. "యూనిఫాం ఇవ్వరా?"

"ఇవ్వరు."

"మరి ఏం వేసుకుంటారు?"

నాకేం తెలుసు. ముప్పై ఎనిమిదేళ్ళు కంపెనీ ఏడాదికి రెండు జతలు ఇచ్చింది, నీలంవి. అంతకు ముందు అన్నయ్యకి పొట్టైనవి. పెళ్ళిబట్టలు మామగారు తెచ్చారు. చొక్కా కొనుక్కోవాలన్న అవసరమే రాలేదు.

అమ్మాయికి ఫోన్ చేసింది. అమ్మాయి పదేళ్ళుగా ఆఫీసులో పనిచేస్తోంది. స్పీకరు పెట్టింది.

"నాన్నా! కంగ్రాట్స్!"

"ఇంకా చేరలేదమ్మా."

ఆవిడ బట్టల సంగతి అడిగింది. "అందులో ఏముందమ్మా, సూటూ టై అక్కర్లేదు, అలాగని టీషర్టూ చెప్పులూ కాదు. మధ్యలో. రాసుకో. చొక్కాలు అయిదు, ప్యాంట్లు మూడు. ఏ చొక్కా ఏ ప్యాంటు మీదకైనా నప్పాలి. ముడత పడని గుడ్డ. బెల్టూ బూట్లూ ఒకే రంగు. ఏసీలో కూర్చోవాలి, పల్చటి స్వెటరొకటి. నాన్నా, వింటున్నావా?"

"ఆఁ."

"ఆఫీసులో కూడా ఇలాగే ఆఁ అంటావా?"

తల్లీ కూతుళ్ళు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. అసలు సంగతి అదే కదా. బట్టలంటే కొనుక్కోవచ్చు. మాటలు ఎక్కణ్ణుంచి తేను? లిఫ్టులో పనిచేసినన్నాళ్ళూ మోటారు మాట్లాడేది, నేను వినేవాణ్ణి.

వద్దని చెప్పేద్దామనుకున్నాను. ఆవిడ అప్పటికే బీరువాలో ఒక అర ఖాళీ చేస్తోంది. పోనీలే, ఆవిడ సరదా.

జూన్ 8, శనివారం

షాపుకి వెళ్ళాం. ఆ బిల్డింగే. మూడో అంతస్తు. నేను లిఫ్టెక్కి ఆరు దాకా వెళ్ళి మూడుకి వచ్చాను. ఆవిడ మెట్లెక్కి వచ్చి నాకోసం నుంచుని ఉంది. "దారి తప్పారా?" అంది. ఆఁ అన్నాను.

షాపతను చొక్కాలు పరిచాడు. పరుస్తూనే ఉన్నాడు. నేను అయిదు తీసి పక్కన పెట్టాను. త్వరగానే తెమిలిందనుకున్నాను.

ఆవిడ వాటిని చూసి నన్ను చూసింది. "మళ్ళీ యూనిఫామేనా?"

చూస్తే అయిదూ నీలం. ఒకే నీలం.

"మీకు ఏ రంగంటే ఇష్టం పెద్దాయనా?" అన్నాడు షాపతను.

ఎవరూ అడగలేదు ఇన్నాళ్ళూ. నిజంగానే ఆలోచించాను. చెప్పలేకపోయాను.

"తెలుపొకటి, లేత నీలం ఒకటి, బూడిదరంగొకటి" అని ఆవిడే మొదలెట్టింది. ప్రతి చొక్కా కొసనీ గుప్పిట్లో గట్టిగా నలిపి వదుల్తుంది. ముడత ఉంటే పక్కన పడేస్తుంది. షాపతనికి ప్రాణం పోతోంది. "గ్రీజు పడితే పోతుందా?" అని అడిగింది. "గ్రీజా? ఆఫీసుకి కదమ్మా?" అన్నాడు. "అయితే ఏం?" అంది.

ప్యాంటు తొడుక్కుని చూడమన్నాడు. తొడుక్కుని బయటికొచ్చి గొంతుక్కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. రెండు చేతులూ పైకెత్తాను. చొక్కా ప్యాంట్లోంచి బయటికొచ్చేసింది. "పొడుగు చాలదు" అన్నాను. షాపులో నేను మాట్లాడిన మొదటి మాట.

"ఆఫీసులో చేతులెందుకెత్తుతారండీ?" అన్నాడతను.

ఏమో. ఎత్తాల్సి రావచ్చు.

ప్యాంట్లు మూడు. ముదురు నీలం, బూడిద, గోధుమరంగు. నడుం దగ్గర రెండు వేళ్ళు పట్టేంత వదులు. కుర్చీలో ఎనిమిది గంటలు కూర్చోవాలి కదా, నుంచుని కొన్న ప్యాంటు కూర్చున్నాక పట్టేస్తుందని ఆవిడ నన్ను స్టూలు మీద పావుగంట కూర్చోబెట్టింది. అక్కడే పేపరు చదువుకున్నాను.

అయిదో చొక్కా మిగిలింది. అక్కడ లేత ఆకుపచ్చది ఒకటుంది, సన్నటి తెల్ల గీతలు. నేనేం అనలేదు. ఒకసారి చూశాను. మళ్ళీ చూశానేమో. "అదివ్వండి" అంది ఆవిడ.

ఎందుకే, ఎవరు చూస్తారన్నాను. నేను చూస్తాను అంది.

బూట్లు కూడా కొన్నాం. గోధుమరంగు. మెత్తగా ఉన్నాయి, వేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి. ఇవేం బూట్లు.

వచ్చేటప్పుడు ఆవిడ కూడా లిఫ్టెక్కింది. లిఫ్టు ముందు పైకెళ్ళింది. నాలుగులో తలుపు గీసుకుంటుంటే ఇద్దరం ఒకేసారి పైకి చూశాం.

జూన్ 9, ఆదివారం

పెద్ద పొరపాటు జరిగింది. నాదీ ఉంది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆవిడ కొత్త చొక్కాలు ముందేసుకుని కూర్చుంది. బ్లేడు తీసింది. నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ జేబు కుట్లు తెంపుతుంటే నేను దారాలు లాగుతున్నాను. కబుర్లు చెబుతోంది. గాలి బాగా వీస్తోంది. చాలా హాయిగా ఉంది.

లిఫ్టు పనిలో పైజేబు ఉండకూడదు. వంగితే పెన్నో పానానో జారి కిందికి పోతుంది. కింద గుంతలో మనిషుంటాడు. ఒకసారి నా పెన్ను ఏడో అంతస్తు నుంచి పడి పొడుగోడి టోపీకి చిల్లు పెట్టింది. ఆ రోజు నుంచి కొత్త యూనిఫాం ఇంటికొస్తే ముందు జేబు విప్పడమే. విప్పి లోపలివైపు కుట్టేది ఆవిడ. అలా ముప్పై ఏళ్ళు.

అయిదో చొక్కా సగంలో ఉండగా అమ్మాయి ఫోన్ చేసింది.

"ఏం చేస్తున్నారు?"

"నాన్న చొక్కాలకి జేబులు విప్పుతున్నామే" అంది ఆవిడ.

"ఎందుకు?"

"ఎందుకేంటి, కింద పడి..."

అక్కడ ఆగింది. నా చేతిలో ఆకుపచ్చ జేబు ఉంది.

"ఆఫీసులో ఏ గుంతలో పడతాయమ్మా?" అంది అమ్మాయి.

ఆవిడ జేబు నా చేతిలోంచి తీసుకుని చూసింది. తర్వాత ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి నాకు. కళ్ళంట నీళ్ళొచ్చేదాకా. అమ్మాయి అవతల నుంచి "ఏంటో చెప్పండి, నాకూ చెప్పండి" అంటోంది.

విప్పిన చొక్కాలు షాపువాడు తీసుకుంటాడా? మొహం ఎలా చూపిస్తాం?

జూన్ 11, మంగళవారం

జేబులు మళ్ళీ పైన కుడితే పాత కంతలూ కొత్త కుట్టూ కలవడం లేదు. ఒక మూల లాగేస్తోంది. చివరికి లోపలివైపే కుట్టేసింది, యూనిఫాంకి కుట్టినట్టే. పైకి చుక్కల గీతతో చదరం కనిపిస్తోంది. రెండు ఉతుకులు పడితే పూడుకుపోతుందంటోంది.

నాకు ఇదే అలవాటు. బాగానే ఉంది.

జూన్ 15, శనివారం

ఇంట్లో తొడుక్కుని చూశాను. తెల్ల చొక్కా, బూడిద ప్యాంటు. ఇంకొక మనిషిలా ఉన్నాను. ఆవిడ చుట్టూ తిరిగి చూసి "గుమాస్తాలా ఉన్నారు" అంది. పొగడ్తో కాదో తెలీలేదు.

బూట్లు కీచుమంటున్నాయి. ఎడమది. కుడిది బాగుంది. చెప్పులో రాయి దూరినట్టు నడిచాను. వీధి చివర దాకా వెళ్ళి వచ్చాను. ఎదురింటాయన "పెళ్ళికా?" అన్నాడు. తలూపాను. ఇప్పుడు ఆయన ఎవరి పెళ్ళని అడిగితే ఏం చెప్పాలి?

ఎడమ బూటు లోపల అట్ట విప్పి కొంచెం పౌడరు చల్లాను. చప్పుడు పోయింది. రాపిడి ఎక్కడుంటే చప్పుడు అక్కడే.

జూన్ 16, ఆదివారం

రేపు. నాకేం కంగారు లేదు.

ఏ చొక్కా అన్నది నాలుగుసార్లు మార్చాను.

జూన్ 17, సోమవారం

లేత నీలం చొక్కా, ముదురు నీలం ప్యాంటు. నీలమే మంచిదనిపించింది.

పెద్ద గది. బల్లకొక ఫోను. చెవులకి తగిలించుకునేది ఇచ్చారు. మేనేజరమ్మ చిన్నావిడే, అమ్మాయి వయసుంటుంది. అద్దాల గదిలో కూర్చుంటుంది. నన్ను బాబాయిగారూ అంటోంది.

"తలుపు తెరుచుకోడానికి ఈ కార్డు. మిషను ముందు చూపించాలి. సొంత ఫోన్ బల్ల దగ్గర వాడకూడదు, అదొక్కటే గట్టి రూలు. మన మాటలన్నీ రికార్డవుతాయి."

రికార్డవుతాయనగానే ఆఁ అనబోయి తలూపాను.

ఏడు ఫోన్లు వచ్చాయి. ఏడూ ఏం పాడైందో సరిగ్గా పట్టానని పొడుగోడు సాయంత్రం చెప్పాడు. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. స్వెటరు ఇంట్లో మర్చిపోయాను.

జూన్ 18, మంగళవారం

కార్డు లోపలి జేబులో ఉంది. తలుపు దగ్గర తియ్యాలంటే పైరెండు గుండీలు విప్పాలి. వెనక నలుగురు నుంచున్నారు. గుండీలు విప్పుతానా మనుషుల ముందు? ఏం తోచక ఛాతీ తీసుకెళ్ళి మిషనుకి ఆనించాను. కీ అంది. తలుపు తెరుచుకుంది.

గుడ్డలోంచి పనిచేస్తుందన్నమాట.

మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి వచ్చేటప్పుడు కూడా అలాగే చేశాను. మేనేజరమ్మ చూసింది.

"బాబాయిగారూ, తలుపుని కౌగలించుకుంటున్నారా?"

ఆఁ అన్నాను. గది గదంతా గొల్లుమంది. సాయంత్రానికి పొడుగోడికి చేరిపోయింది. "గురువుగారూ, తలుపుకి మీరంటే ప్రేమట" అన్నాడు ఫోన్లో.

కోపం రాలేదు. ఇంటికొచ్చి ఆవిడకి చేసి చూపించాను, బీరువా తలుపు మీద.

జూన్ 20, గురువారం

మేనేజరమ్మ లోపలికి పిలిచింది. కూర్చోమంది. అంచు మీద కూర్చున్నాను.

"పాడైంది పట్టుకోవడంలో మీకు వంక లేదు. ఇప్పటికి ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ సరిపోయాయి. కానీ బాబాయిగారూ, మీరు లైన్లో ఉన్నారో లేదో జనానికి తెలీడం లేదు. ఇద్దరు కట్టయిందనుకుని పెట్టేశారు. ఒకావిడ భయమేసి తలుపు బాదింది."

"వింటున్నానమ్మా. మోటారు."

"మీరు మోటారు వింటున్నారు. వాళ్ళు మిమ్మల్ని వినాలి కదా. ఇరుక్కున్న మనిషికి అవతల ఒక గొంతుండాలి. రెండు వారాలయ్యాక పైవాళ్ళకి నేను కాగితం రాయాలి. మాట్లాడరని రాస్తే ఉంచరు."

మేనేజరమ్మ మంచిదే. బాధపడుతూ చెప్పింది.

కాలరు బిగుతుగా ఉంది. అందుకే గొంతు రావడం లేదు. పైగుండీ పెట్టుకోకూడదేమో.

జూన్ 21, శుక్రవారం

పైగుండీ పెట్టుకోలేదు. గొంతు రాలేదు.

ఉంచకపోతే మానె. నాకేం. వాకింగ్ ఉంది.

జూన్ 22, శనివారం

ఆవిడకి చెప్పాల్సి వచ్చింది. మూడు రోజుల నుంచి సరిగ్గా తినడం లేదని నిలదీసింది.

విని, ఏం మాట్లాడకుండా తన ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కోపమొచ్చిందనుకున్నాను. నా ఫోన్ మోగింది.

"హలో, లిఫ్టు కంపెనీయేనా? నేను లిఫ్టులో ఇరుక్కున్నానండీ."

"ఏమిటే ఇది?"

"అలాగేనా మాట్లాడేది? ఇరుక్కున్నానంటే!"

"ఏ బిల్డింగమ్మా?"

"మా ఇల్లే."

"మీ ఇంట్లో లిఫ్టు లేదు కదా."

"మా ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు లిఫ్టులు బాగుచేశారు, ఇంటికి ఒకటి పెట్టించలేకపోయారా?"

"ఒంటి అంతస్తుకి లిఫ్టెందుకు?"

"మీరు నాకు ధైర్యం చెబుతున్నారా, గొడవ పెట్టుకుంటున్నారా?"

నవ్వాను. ఫోన్లో నవ్వడం బాగుంది. మొహం కనపడదు.

"గాలాడుతోందా?" అన్నాను.

"ఆడుతోంది. కానీ భయమేస్తోంది. ఏదైనా మాట్లాడండి."

"ఏం మాట్లాడను?"

"పొద్దున్నా సాయంత్రం ఎక్కడికి వెళ్ళేవారో చెప్పండి."

చెప్పాను. బట్టల బిల్డింగు. ఆరు అంతస్తులు. తలుపు చప్పుడు. పధ్నాలుగు నెలలు. ఆ రోజు దారి తప్పలేదని కూడా చెప్పాను. ఆవిడ మధ్యలో ఏం అడ్డు రాలేదు. ఎంతసేపు చెప్పానో తెలీదు. ఫోన్ వేడెక్కి చెంప కాలింది.

తలుపు తీసుకుని బయటికొచ్చింది. "ఎదురుగా ఉంటే ఆఁ అంటారు. గోడ అవతలుంటే రేడియోలా ఉన్నారు" అంది.

అవును, నేను కూడా అదే అనుకుంటున్నాను.

జూన్ 25, మంగళవారం

బూడిద చొక్కా, గోధుమ ప్యాంటు, స్వెటరు. ఇవాళ పన్నెండు ఫోన్లు. "నేనున్నానండీ, వింటున్నాను" అని మధ్యమధ్యలో అన్నాను. ఒకాయన "సరేనయ్యా, ఎన్నిసార్లు చెబుతావు" అని విసుక్కున్నాడు.

విసుక్కోనీ. నేనున్నానని తెలిసింది కదా.

జూన్ 27, గురువారం

ఈ మాట ఒకటే అలవాటైంది. నేనున్నాను, వింటున్నాను. తర్వాత ఏమనాలో రాదు. రేపు ఆఖరు రోజు. రేపు ఆకుపచ్చ వేసుకుంటాను. ఇప్పటిదాకా వేసుకోలేదు.

జూన్ 28, శుక్రవారం

అంతా వరసగా రాయాలి.

పది అయింది. ఫోన్. లిఫ్టు లోపలి నుంచి. ఆడపిల్ల గొంతు. ఏడుస్తోంది.

"నేనున్నానమ్మా. లైటుందా?"

"ఉంది."

"ఫ్యానుందా?"

"ఉంది."

ఫ్యాను నాకూ వినపడుతోంది. మోటారు మాట్లాడటం లేదు. తలుపు లాకు అందలేదు, అది పడితేగానీ లిఫ్టు కదలదు, అంతే. మూడో అంతస్తుకీ నాలుగుకీ మధ్య. పొడుగోడికి చెప్పాను. వాడు ఇరవై నిమిషాల దూరంలో ఉన్నాడు.

"ఏం కాదమ్మా. కింద పడదు. గాలొస్తుంది. మా మనిషి బయల్దేరాడు, ఇరవై నిమిషాలు."

నా దగ్గరున్నవన్నీ అయిపోయాయి. ఇంకా పంతొమ్మిది నిమిషాలున్నాయి.

ఆ పిల్ల ఏడుపు ఆపలేదు. "అది కాదండీ. నాకు భయం లేదు. నా షర్టు..."

"షర్టా?"

"తలుపు లాగాను, తెరుచుకుంటుందేమోనని. షర్టు చెయ్యి అంచంతా నల్లగా అయింది. తెల్ల షర్టండీ. ఇవాళ వేసుకోడానికే కొన్నాను. పదిన్నరకి ఇంటర్వ్యూ, అయిదో అంతస్తులోనే. ఇలా ఎలా వెళ్ళను?"

తలుపు గాడిలో గ్రీజు. మేం పెట్టేదే. ఎన్నిసార్లు నా చేతులకి అయిందో. నాకు గ్రీజు పెట్టడం తెలుసు. తియ్యడం తెలీదు. తీసేది మా ఆవిడ.

అద్దాల గది వైపు చూశాను. మేనేజరమ్మ తల వంచుకుని ఏదో రాస్తోంది. నా కాగితమేనేమో.

లోపలి జేబులోంచి నా ఫోన్ తీశాను. రెండు గుండీలు విప్పి. అందరి ముందూ.

"ఏమే, తెల్ల చొక్కా మీద గ్రీజు పడింది. నీళ్ళు లేవు. ఏం చెయ్యాలి?"

"ఇవాళ ఆకుపచ్చ కదా వేసుకెళ్ళారు?"

"నాక్కాదు. లిఫ్టులో అమ్మాయికి."

"ఏ అమ్మాయి?"

"తర్వాత చెబుతా. త్వరగా."

"ముందు రుద్దొద్దని చెప్పండి. రుద్దితే పాకుతుంది."

"రుద్దొద్దమ్మా" అన్నాను ఇటు.

"రుద్దేశానండీ కొంచెం."

"రుద్దేసిందట" అన్నాను అటు.

"అయ్యో పిచ్చితల్లి. సంచిలో మొహానికి రాసుకునే పౌడరుందేమో అడగండి."

ఇటు చెప్పడం అటు చెప్పడం అవడం లేదు. ఫోన్ స్పీకరు పెట్టి మైకు దగ్గర పట్టుకున్నాను.

"అమ్మా, పౌడరుందా నీ దగ్గర?" అని ఆవిడ అరిచింది. దూరం కదా, గట్టిగా అరిస్తే గానీ వినపడదనుకుంటుంది.

"ఎవరండీ?" అంది ఆ పిల్ల.

"మా ఆవిడ" అన్నాను.

ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి నవ్వింది. "ఉందండీ. చిన్న డబ్బా."

"మరక మీద పొయ్యి. దిట్టంగా. మరక కనపడకూడదు. ఇక ముట్టుకోకు, అదే పీల్చుకుంటుంది" అంది ఆవిడ.

ముట్టుకోకుండా పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఏం చెయ్యాలి? ఆ పిల్ల అడిగింది, మీకూ ఎప్పుడైనా ఇలా అయిందా అండీ అని. అయింది అన్నాను. చెప్పడం మొదలుపెట్టాను. పెళ్ళి కుదిరిన కొత్తలో మామగారింటికి వెళ్తూ దారిలో ఒక లిఫ్టు చూసి ఆగాను. ఆగి తలుపు తెరిచాను. మొహమూ చొక్కా ముందూ గుర్తుపట్టలేనంత నల్లగా చేసుకుని వెళ్ళాను. మామగారు నన్ను బావి దగ్గర నీళ్ళ ఇంజను బాగుచెయ్యడానికి వచ్చినవాణ్ణనుకుని దొడ్డి దారి చూపించారు. వెళ్ళి ఇంజను బాగుచేసి వచ్చేశాను. పెళ్ళికొడుకునని చెప్పలేకపోయాను.

"అది మీరా?" అంది ఫోన్లోంచి మా ఆవిడ. "ఆ రోజు ఇంజను బాగుచేసింది మీరా? మా నాన్న ఆ మనిషి కోసం ఎంత వెతికించారు!"

ముప్పై ఆరేళ్ళయింది. ఎప్పుడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఆ పిల్ల లిఫ్టులో పడీ పడీ నవ్వుతోంది.

"పౌడరు ఊదెయ్యి. కాగితం పెట్టి అద్దు. రుద్దావంటే చూడు" అంది ఆవిడ. బయోడేటా కాగితం ఒకటి ఎక్కువుందట, దానితో అద్దింది. చాలా వరకు పోయిందంది. నీడలా ఉందంది.

అప్పుడు నేను చెప్పాను. "చొక్కా చేతులు మడతపెట్టమ్మా. రెండు చేతులూ. రెండే రెండు మడతలు, మోచేతి కింద దాకా. మూడైతే పనికి దిగుతున్నట్టుంటుంది. రెండైతే కావాలని చేసినట్టుంటుంది."

"ఇంటర్వ్యూకి మడత పెట్టొచ్చా అండీ?"

"పెట్టొచ్చు. బిజినెస్ క్యాజువల్" అన్నాను.

ఆ మాట నేను పైకి అనడం ఇదే మొదలు.

పొడుగోడి గొంతు వినపడింది. "గురువుగారూ, లాకే! మీరన్నట్టే." తలుపు తెరుచుకున్న చప్పుడు. బూట్ల టకటక, పైకి మెట్ల మీద. టైము పది ఇరవై నాలుగు.

తల తిప్పితే మేనేజరమ్మ నా వెనకే నుంచుని ఉంది. ఎప్పట్నుంచో తెలీదు. నా చేతిలో సొంత ఫోన్. గుండీలు విప్పి ఉన్నాయి. ఫోన్లోంచి ఆవిడ అరుస్తోంది, "ఏవండీ! పోయిందా మరక? పలకరేం?"

మేనేజరమ్మ ఫోన్నీ నన్నూ చూసింది. "సోమవారం మాట్లాడదాం బాబాయిగారూ" అని వెళ్ళిపోయింది.

జూన్ 29, శనివారం

ఆవిడ అయిదు చొక్కాలూ ఉతికి ఆరేసింది. గట్టి రూలు ఒక్కటే, అది తప్పాను. ఆ పిల్లకి ఉద్యోగం వచ్చిందో లేదో తెలిసే దారి లేదు.

వాకింగ్‌కి వెళ్ళలేదు.

జూన్ 30, ఆదివారం

నాకు ఆ ఉద్యోగం కావాలి. మొదటి రోజు నుంచీ కావాలి. ఆవిడ కోసం కాదు. రాసేశాను, కొట్టెయ్యను.

జూలై 1, సోమవారం

తెల్ల చొక్కా, ముదురు నీలం ప్యాంటు. చేతులు మడత పెట్టలేదు. వెళ్ళగానే పిలిచింది.

"ముందు ఇది వినండి" అని ఏదో నొక్కింది.

ఒక ఆడపిల్ల నవ్వుతోంది. మధ్యలో ఒక మగమనిషి. వరసగా మాట్లాడుతున్నాడు. ఎక్కడా తడుముకోడు. ఇంజను కథ చెబుతున్నాడు, తనే నవ్వుతున్నాడు. ఎవరో సరదా మనిషి అనుకున్నాను. "రెండే రెండు మడతలు" అన్నాక తెలిసింది.

"నేనేనా అమ్మా?"

"ఇంకెవరు బాబాయిగారూ? పైవాళ్ళకి ఇదే పంపాను. నేను రాయడం ఎందుకని."

రెండు కాగితాలు ముందు పెట్టింది. "ఇది సొంత ఫోన్ వాడినందుకు హెచ్చరిక. రూలు రూలే. ఇక్కడ సంతకం. ఇది ఉద్యోగం కాగితం. ఇక్కడ కూడా."

రెండు సంతకాలూ వంకరగానే వచ్చాయి.

"ఇంకొకటి" అంది. "వచ్చేవారం కొత్తగా ఇద్దరు చేరుతున్నారు. ఫోన్లో ఎలా మాట్లాడాలో మీరు చెప్పాలి."

నేను. చెప్పాలట.

"మా ఆవిడని అడిగి చెబుతానమ్మా" అన్నాను. మేనేజరమ్మ బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది.

జూలై 4, గురువారం

రెండు రోజులుగా రాయలేదు. ఇవాళ రాద్దామని కూర్చున్నాను. జరిగినవన్నీ సాయంత్రం రాగానే ఆవిడకి చెప్పేశాను, బూట్లు కూడా విప్పకుండా. ఎదురుగానే కూర్చుని, గోడ లేకుండా. ఇక్కడ రాయడానికి ఏమీ మిగల్లేదు.